మాన్యువల్‌లో ఆరు, మన కరెంటుకు ఐదు

పాలిటెక్నిక్ ల్యాబులో ఇన్‌స్ట్రక్టరుగా చేరబోయేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ఇంక్రిమెంట్లు ఎప్పుడొచ్చాయో, నా పేరు ముందు ‘సీనియర్’ అని ఎప్పుడు చేర్చారో మీకు పనికిరాదు. అవి నాకే సరిగా గుర్తు లేవు. గుర్తున్నవన్నీ కోపం తెప్పించిన సంగతులే. రిటైరైనా ఆ కోపం తగ్గలేదు. తగ్గాలని నేను కోరుకోవడమూ లేదు.

మా ప్రైవేటు పాలిటెక్నిక్ అనంతపురం నుంచి కదిరికి పోయే దారిలో ఉంది. చుట్టూ వేరుశనగ చేలు, వాటికవతల బోడిగుట్టలు. అందులో ఎలక్ట్రానిక్స్ ల్యాబు నాది. చేరినప్పుడు పిల్లలు తీగలు, మీటర్లు పట్టుకుని పనిచేసేవాళ్ళు. తర్వాత సిమ్యులేషన్ వచ్చింది. అంటే సర్క్యూట్‌ను కంప్యూటర్ తెర మీద గీసి, తీగ ముట్టుకోకుండానే అది ఎట్లా పనిచేస్తుందో చూపించే సాఫ్ట్‌వేర్. చాలా మంచి వస్తువు. ఒక పార్టు కాలిపోతే ఇంకొకటి కొనే స్తోమత లేని మాలాంటి కాలేజీకి అది వరం. ఆ వరాన్ని మేం ఎట్లా పాడుచేసుకున్నామో చెప్పడానికే ఈ రాత.

సాఫ్ట్‌వేర్ నేర్పే పాఠాలు ఉంటాయి కదా, అచ్చులో మాన్యువల్స్, ఫోన్లో వీడియోలు. వాటిలో చాలావరకు ఎప్పుడో చచ్చిపోయిన పాఠాలు. వాటికి అంత్యక్రియలు చేసే నాథుడు లేడు. పిల్లలు వాటిముందు కూర్చుని ప్రశ్నలడుగుతూ ఉంటారు. జవాబు రాకపోతే తమకే బుర్ర లేదనుకుంటారు.

వయసు అడగాల్సింది పుస్తకాన్ని

నేను ఐటీఐలో రేడియో పని నేర్చుకున్నవాణ్ణి. డిగ్రీ లేదు. నా అసలు చదువు జిల్లా గ్రంథాలయంలో జరిగింది. దాన్ని దాచుకోను, గొప్పగానే చెప్పుకుంటాను. మా నాయన బస్టాండు దగ్గర సైకిళ్ళు బాగుచేసేవాడు. ఆయన అంగడి మూసేదాకా నేను గ్రంథాలయంలో ఫ్యాను కింద కూర్చునేవాణ్ణి. ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, నిఘంటువు ఒక పక్క. ఒక పేజీకి ఒక సాయంత్రం పట్టేది.

అప్పట్లో అందరూ ట్రాన్సిస్టర్ రేడియోలు వాడుతున్నారు. నాకు దొరికిన లావుపాటి పుస్తకంలో మాత్రం గాజు వాల్వుల రేడియోల గురించే ఉంది. నాకు తేడా తెలియదు. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. అది చూసి లైబ్రేరియన్ ఖాజా సాబ్ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“ఏమప్పా, దీని వయసెంతో చూసినావా?”

“పుస్తకానికి వయసేంది సార్?”

“మనిషిని అడగద్దు, పుస్తకాన్ని అడుగు. లోపలి అట్ట తిప్పు. అచ్చేసిన సంవత్సరం ఉంటాది. చూడు, నీకన్న పెద్దది ఇది. పెద్దోళ్ళ మాట విను, వద్దనను. ఏ కాలంలో కూచోని మాట్లాడతాండారో తెలుసుకోని విను.”

ఆ తర్వాత నేను ఆ పుస్తకాన్ని వదల్లేదు, చివరిదాకా చదివాను. కరెంటు ఎట్లా పారుతుంది, తరంగం ఎట్లా పుడుతుంది అన్న భాగాలు ఈరోజుకీ నిజమే. ఏ వాల్వు ఏ గుంతలో పెట్టాలన్న భాగాలకు కాలం చెల్లింది. వయసు తెలిసింది కాబట్టి ఏది ఉంచుకోవాలో, ఏది వదిలేయాలో తెలిసింది.

అందుకే పాత పాఠాల మీద నాకు పగ ఉందనుకోవద్దు. పాతదై ఉండడం నేరం కాదు. పాతదని చెప్పకుండా కొత్త అట్ట వేసుకుని తిరగడం నేరం. మా మాన్యువల్‌కు ఏటా కొత్త అట్ట వచ్చేది, ఈ విద్యాసంవత్సరం అంకెలతో. లోపల ఒక్క అక్షరం మారేది కాదు. గ్రంథాలయంలో ఆ పని చేస్తే దొంగతనం అంటారు. కాలేజీలో రివైజ్డ్ ఎడిషన్ అన్నారు.

పుస్తకం కోసం కంప్యూటర్లు

మా విభాగానికి నాగరాజు సార్ పెద్ద. మనిషి చెడ్డవాడు కాదు. పిల్లల ఫీజు తగ్గించమని యాజమాన్యంతో కొట్లాడడం నేను చూశాను. ఆయనకు ఒకటే జబ్బు, అచ్చులో ఉన్నదాన్ని తాకకూడదు.

ఒక ఏడాది ల్యాబుకు కొత్త కంప్యూటర్లు వచ్చాయి. వాటితో సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షనూ వచ్చింది. మెనూలు మారాయి, తెర మీద నొక్కే బొమ్మలు అటూ ఇటూ జరిగాయి. మాన్యువల్‌లో ఏముందంటే, సర్క్యూట్ గీసిన తర్వాత పై వరుసలో ఎడమ నుంచి మూడో బొమ్మ నొక్కమని. ఏం నొక్కుతున్నామో, ఎందుకు నొక్కుతున్నామో ఉండదు. ఎడమ నుంచి మూడోది, అంతే. పాత వెర్షన్లో అది సర్క్యూట్‌ను నడిపించే బొమ్మ. కొత్త వెర్షన్లో ఆ చోటికి ప్రింటు బొమ్మ వచ్చి కూర్చుంది.

తరగతి మొత్తం ఒకేసారి నొక్కింది. మూలనున్న ప్రింటర్ గురగురమని కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. పిల్లలు ఏమీ జరగలేదనుకుని మళ్ళీ నొక్కారు, మళ్ళీ కక్కింది. నవ్వులాటగానే ఉంటుంది చెప్పుకోడానికి. ఆ సందడికి నాగరాజు సార్ వచ్చాడు.

“ఏమప్పా ఓబులేసూ, కొత్త మిషన్లు అప్పుడే చెడిపోయినాయంటనే?”

“చెడిపోలేదు సార్. పుస్తకం పాతది.”

“పుస్తకం పాతదైతే ఏమాయ? పోయినేడు దాకా బాగనే పనిజేసింది గదా.”

“సాఫ్ట్‌వేర్ మారింది సార్. కొన్ని పేజీలు తిరగరాస్తే సరిపోతాది. నేనే రాసిస్తా.”

“నువ్వు రాస్తే అచ్చెవరు ఏస్తారు? మన యాజమాన్యం కాలేజీలన్నిటికీ ఒకటే మాన్యువల్. మిషన్లనే పుస్తకంలో ఉన్నట్ల చేయించు.”

మీరు నమ్మరు. అదే చేయించారు. టౌను నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించి, కొత్త కంప్యూటర్ల నుంచి కొత్త వెర్షన్ తీసేసి, పాత వెర్షన్ వేయించారు. ఎవరో ముందు వాకిలి ముగ్గేసి, ఆ ముగ్గుకు సరిపోయేటట్టు ఇల్లు కట్టించినట్టు.

పాత సాఫ్ట్‌వేర్‌కు కొత్త మిషను పడలేదు. ఉన్నట్టుండి ఆగిపోయేది. గీసిందంతా పోయేది. నాకు కోపం వచ్చింది అది ఆగిపోయినందుకు కాదు. అది ఆగిన ప్రతిసారీ ఏదో ఒక పిల్ల చేతులు వెనక్కి లాక్కుని, “నేనేం ముట్టుకోలేదు సార్” అనేది. తప్పు తనదే అనుకునేది. పల్లె నుంచి వచ్చి, తమ ఇంటి నుంచి మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్ల మనసులో ఆ భయం ఒకసారి పడితే పోదు. పది ప్రయోగాలు నేర్పినా పోదు. ఆ భయం ఖరీదు ఎవరు కడతారు?

వీడియోలు దీనికన్నా మేలని అనుకుంటారేమో. ఫోన్లో ఒకటి చూశాను. మాట లేదు, వెనక పాట మోగుతుంది, తెర మీద మౌస్ బాణం పరుగులు పెడుతుంది. కింద చూసినవాళ్ళు రాసిన మాటలు. “నాకు ఆ బటన్ కనిపించడం లేదు.” “నాక్కూడా.” “ఎవరికైనా తెలిస్తే చెప్పండి.” ఏళ్ళ తరబడి ఒకరి వెనక ఒకరు నిలబడి అదే అడుగుతున్నారు. పెట్టినాయన ఒక్కసారి వచ్చి, “ఇది పాత వెర్షన్‌ది, కొత్తదాంట్లో ఇక్కడ ఉంది” అని ఒక వాక్యం రాస్తే చాలు. రాయడు. తీసెయ్యనూ తీసెయ్యడు. ఊరి బయట ఎండిపోయిన బోరుకు కూడా మనవాళ్ళు మూత వేస్తారు, పిల్లలు పడతారని. ఆపాటి బాధ్యత పాఠం చెప్పేవాడికి లేదు.

అరవై ఎక్కడి నుంచి వచ్చింది

మెనూలు మారడం పై పై జబ్బు. దాన్ని చూసుకుని ఎవడైనా దిద్దుకోవచ్చు. లోపలి జబ్బు వేరే ఉంది.

మాన్యువల్‌లో ఒక ప్రయోగం, ఫుల్ వేవ్ రెక్టిఫయర్. ఎలక్ట్రానిక్స్ చదవనివాళ్ళకు కూడా అర్థమయ్యేట్టు చెప్తాను. మన ఇంటి కరెంటు ఒకే దిక్కున పారదు, పైకీ కిందికీ ఊగుతుంది. రెక్టిఫయర్ ఆ కిందికి పోయే భాగాన్ని కూడా పైకి తిప్పుతుంది. తెర మీద చూస్తే ఎద్దు మూపురాల్లాగా వరసగా కనిపిస్తాయి. మన దేశంలో కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది. ఒక్కో ఊపుకు రెండు మూపురాలు. ప్రయోగంలో చూడమన్నది సెకనులో ఇరవయ్యో వంతు. ఆ కాస్త కాలంలో మన కరెంటుకు ఐదు మూపురాలు రావాలి.

మాన్యువల్ బొమ్మలో ఆరు ఉన్నాయి.

ఎందుకంటే అందులో యాభైకి బదులు అరవై వేసి ఉంది. అరవై అమెరికా కరెంటు. నేను ఆ సంగతి పట్టుకున్నది మాన్యువల్ చూసి కాదు, గ్రంథాలయంలో ఒక విదేశీ పాఠ్యపుస్తకం తిరగేస్తూ. అందులో ఇదే ప్రయోగం, ఇవే విలువలు, ఇవే ఆరు మూపురాలు. అక్కడివాళ్ళకు అది సరైనదే, వాళ్ళ గోడలో వచ్చే కరెంటు అదే. ఎవరో దాన్ని ఎత్తి మన మాన్యువల్‌లో పెట్టారు. పెట్టేటప్పుడు మన గోడ వంక ఒకసారి చూడలేదు. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక వచ్చేది పన్నెండు వోల్టులే కాబట్టి, ఆ అంకె ఎక్కడైనా ఒకటే కాబట్టి, పక్కనున్న అరవై మీద ఎవరి కన్నూ పడలేదు. పడినవాళ్ళు నోరు మెదపలేదు.

నాగరాజు సార్‌కు చెప్పాను. పుస్తకం తీసుకుపోయి చూపించాను.

“ఐదైతేనేం, ఆరైతేనేం? థియరీ ఒకటే గదప్పా.”

“థియరీ ఒకటే సార్. కరెంటు ఒకటి కాదు. దీన్ని చూసి పవర్ సప్లై కడితే ఆడ కెపాసిటర్ చాలదు, స్పీకర్లో గూంమని మోత వస్తాది.”

ఆయన తలుపు వంక చూసి గొంతు తగ్గించాడు. “మాన్యువల్ రాసినాయన ఇప్పుడు యాడుండాడో తెలుసు గదా నీకు? కాలేజీలన్నిటికీ డైరెక్టరు. పోయి చెప్పు పో, సార్ మీది తప్పని.”

నేను డైరెక్టరు గారికి రాసి పంపాను. జవాబు రాలేదు. మరుసటి ఏడాదీ రాశాను. ఆ తర్వాత ప్రతి తరగతిలో నోటితో చెప్పడం మొదలుపెట్టాను. పుస్తకంలో అరవై ఉంది, మనకు యాభై అని. పిల్లలు శ్రద్ధగా విని ఒకటే ప్రశ్న అడిగేవాళ్ళు. “పరీక్షలో ఏది పెట్టాల సార్?” వాళ్ళను తప్పుపట్టను. ఆ ప్రశ్న వాళ్ళకు నేర్పింది మనమే.

స్టార్టరు డబ్బా మీది రేకు

సునీత ముదిగుబ్బ పక్క పల్లె నుంచి వచ్చిన పిల్ల. వాళ్ళ నాయన ఊళ్ళో వాళ్ళ గొర్రెలు మేపుతాడు, అమ్మ వేరుశనగ చేలల్లో కూలికి పోతుంది. సెలవుల్లో ఈ పిల్ల కూడా కలుపు తీయడానికి పోయేది. క్లాసులో మాట తక్కువ. అయితే ఒకటి అడిగిందంటే జవాబు వచ్చేదాకా అక్కడే నిలబడేది.

ఆ ఏడు నేను యాభై, అరవై సంగతి చెప్పకముందే ఆమె లేచింది.

“సార్, దీంట్లో అరవై అని ఉండాది. మేం పోయే చేన్లో బోరు స్టార్టరు డబ్బా మీద రేకు ఉండాది సార్. దాని మీద యాభై అని ఉండాది. రెండూ కరెంటే గదా?”

వెనక బెంచీ నుంచి ఫకృద్దీన్ అందుకున్నాడు. పెనుకొండ పిల్లోడు, నోరు ఊరుకోదు. “మీ ఊర్లో కరెంటే ఉండదు గదా సునీతా. యాభై ఏంది, అరవై ఏంది? సున్నా అని పెట్టు.”

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు కూడా. “ఉన్నప్పుడు ఎంతో అడుగుతాండా” అంది.

నేను మాన్యువల్ మూయించి, అందరి చేతా యాభై పెట్టించి నడిపించాను. ఐదు మూపురాలు వచ్చాయి. తర్వాత అరవై పెట్టమన్నాను. ఆరు వచ్చాయి.

“లేపాక్షి బసవన్నకు ఒకటే మూపురం సార్” అన్నాడు ఫకృద్దీన్. “మాన్యువల్ బసవన్నకు ఆరు.”

ఆ రోజు క్లాసు బాగా జరిగింది. నేను చెప్పినందుకు కాదు. ఒక పిల్ల పుస్తకాన్ని తీసుకుపోయి చేనులో ఉన్న డబ్బాతో పోల్చి చూసింది. మా చదువులో ఎప్పుడూ జరగని పని అది. ఇన్‌స్ట్రక్టరుగా మీకు జీతం కాక ఇంకేమైనా దక్కుతుందంటే అట్లాంటి రోజే.

చివరి సెమిస్టరులో ముదిగుబ్బ అవతల ఉన్న ఒక సోలార్ ప్లాంటువాళ్ళు వచ్చి పిల్లల్ని ట్రైనీలుగా ఎంచుకున్నారు. సునీతను తీసుకుంటామన్నారు. ఇంటర్వ్యూలో ఏం అడిగారని నేను ఆమెను అడిగాను.

“మన గ్రిడ్డు ఎంత మీద నడస్తాదని అడిగినారు సార్. యాభై అన్న్యా. ఎందుకు గుర్తుందని అడిగినారు. డబ్బా మీద రేకు సంగతి చెప్పినా.”

ఒకటే షరతు. పరీక్షలన్నీ ఈసారే పాసవ్వాలి. ఒక్కటి తప్పినా ఆ చోటు వేరేవాళ్ళకు పోతుంది. ఆమె సప్లిమెంటరీ రాసేదాకా ఆగే ఉద్యోగం కాదు. వాళ్ళ అమ్మ అప్పటికే చేనువాళ్ళతో చెప్పేసింది, ఈ పైరుకు నా బిడ్డ రాదు అని.

పరీక్ష

ప్రాక్టికల్ పరీక్షకు ఎగ్జామినర్ మా యాజమాన్యం కిందే ఉన్న ఇంకో కాలేజీ నుంచి వస్తాడు. ఆ ఏడు వచ్చిన లెక్చరర్ నాకన్నా చాలా చిన్నవాడు, నెమ్మదస్తుడు. పిల్లలు చీటీ తీస్తే అందులో ఏ ప్రయోగం ఉంటే అది చేయాలి. సునీతకు ఆ రెక్టిఫయరే వచ్చింది.

నేను ల్యాబులో ఒక పక్క నిలబడి ఉన్నాను. మిషన్లు నడిచేటట్టు చూసుకోవడం వరకే నా పని, పిల్లలతో మాట్లాడకూడదు. ఆమె సర్క్యూట్ గీసింది, విలువలు వేసింది, నడిపించింది. గ్రాఫు కాగితం మీద బొమ్మ దించుకుని తీసుకుపోయి ఎగ్జామినర్ బల్ల మీద పెట్టింది.

ఆయన పెన్ను కొనతో మూపురాలు లెక్కపెట్టాడు. పక్కన మాన్యువల్ తెరిచి ఉంది. మళ్ళీ లెక్కపెట్టాడు.

“ఐదే ఉండాయమ్మా. ఆరు కావాల.”

“మన కరెంటుకు ఐదే వస్తాయి సార్.”

“అది నాకు తెలుసు.”

ఆయన ఆ మాట ఎంత మామూలుగా అన్నాడంటే, నేను సరిగా విన్నానా అని అనుమానం వచ్చింది. ఇన్నేళ్ళూ నేను అనుకున్నదేమిటంటే, వీళ్ళకు తెలియదు, తెలిస్తే దిద్దుతారు అని. తెలుసు. అందరికీ తెలుసు.

“తెలిస్తే మార్కులు వేయండి సార్” అంది ఆమె.

“వేయలేను. మార్కులు వేసే పద్ధతి ఈ పుస్తకంలో ఉండాది. గ్రాఫు సరిపోకుంటే గ్రాఫు మార్కులు పోతాయి, దాన్ని చూసి రాసే లెక్కకూ పోతాయి. పాసు కావు. టైం ఉండాది, పోయి అరవై పెట్టి తీసుకురా.”

సునీత నా వంక చూసింది. నేను మాట్లాడకూడదన్న నిబంధన నాకు గుర్తుంది. ఎగ్జామినర్‌తో మాట్లాడకూడదని ఎక్కడా లేదు. ఆయన్ను వరండాలోకి పిలిచాను.

“సార్, ఆ పాప యాభై అన్నందుకే ఉద్యోగం ఇస్తామన్నారు. యాభై అన్నందుకు మీరు ఫెయిల్ చేస్తాండారు. ఇదేం న్యాయం?”

“న్యాయమని నేను అన్లేదన్నా. పోయినసారి మా కాలేజీలో ఒకాయన ఇట్లనే మార్కులేసినాడు. డైరెక్టరు ఆఫీసోళ్ళు కాగితాలు తెప్పించుకోని మళ్ళీ దిద్దినారు. ఆయనకు ఎట్లిస్తివి అని మెమో ఇచ్చినారు. ఆ పిల్లోడి మార్కులూ పోయినాయి. నేను వేసినా ఈమెకు నిలబడవు. నా పేరే గాదు, ఆమె పేరూ ఎక్కుతాది ఆడ.”

“అయితే అబద్ధం రాసి పాసు కమ్మంటారా?”

“అబద్ధం కాదన్నా. అమెరికాలో నిజమే గదా.” అని ఆయనే నవ్వబోయి, నా మొహం చూసి ఆపుకున్నాడు.

ఇట్లాంటి మనుషులను మీరు చాలామందిని చూస్తారు. దుర్మార్గులు కారు. నిజం తెలుసు, పిల్లల మీద జాలి ఉంది. నిజాన్నీ జాలినీ రెంటినీ జేబులో పెట్టుకుని సాయంత్రం బస్సెక్కిపోతారు. నాకైతే తెలియనివాణ్ణి క్షమించడం సులభం.

మేం లోపలికి వచ్చేసరికి సునీత తన మిషను ముందు కూర్చుని ఉంది. అరవై పెట్టింది, నడిపించింది. ఆరు మూపురాలు దించుకుంది. అయితే ముందు గీసిన ఐదు మూపురాల గ్రాఫు పారేయలేదు. రెండు కాగితాలూ కలిపి కుట్టి తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆరింటి కింద ఇంగ్లీషులో రాసింది, మాన్యువల్ ప్రకారం అని. ఐదింటి కింద రాసింది, మన దేశపు సప్లై ప్రకారం అని.

“రెండు ఎందుకమ్మా?”

“మీరు అడిగింది ఒకటి సార్. వచ్చేది ఒకటి.”

ఆయన రెండు కాగితాలూ తిప్పి చూశాడు. ఒక ప్రశ్నకు రెండు జవాబులు రాస్తే ఒకటి కొట్టేయాలి. అది అన్ని పరీక్షల్లోనూ ఉన్నదే. మొదటి కాగితం మీద పూర్తి మార్కులు వేశాడు. రెండో కాగితం తిప్పి, ఎర్ర పెన్ను తీసి, స్కేలు పెట్టి, ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీశాడు. సంతకం చేశాడు. నా జీవితంలో సరైన జవాబు మీద అంత చక్కటి గీత నేను చూడలేదు.

బయటికి వచ్చాక ఆమె అడిగింది.

“పాసేనా సార్?”

“పాసే. నువ్వు పోయి ఉద్యోగంలో చేరు.”

“మా నాయనకు ఫోన్ చెయ్యల్ల” అని నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది. “ఆ కొట్టేసిందాన్ని తప్పని కొట్టినాడా సార్, ఎక్కువైందని కొట్టినాడా?”

“ఎక్కువైందని.”

“తప్పని అన్ల్యా గదా. అయితే సరే” అంది.

ఆమెకు సరే. నాకు కాదు.

ఆ తర్వాత జరిగింది

సునీత సోలార్ ప్లాంటులో చేరింది, ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. ఆమె సంగతి ఫకృద్దీన్ నోటి గుండా కాలేజీ అంతా పాకింది. మరుసటి ఏడాది ప్రాక్టికల్స్‌లో ఆ ప్రయోగం వచ్చిన పిల్లలందరూ, నేను ఒక్క మాట చెప్పకుండానే, రెండేసి గ్రాఫులు గీసి ఇచ్చారు. ఒకటి మాన్యువల్‌కు, ఒకటి మన కరెంటుకు. ఆ ఏడు వచ్చిన ఎగ్జామినర్ ఒక్కొక్కటే కొట్టేస్తూ కూర్చుంది. మధ్యలో ఆమె ఎర్ర పెన్ను అయిపోతే ఆఫీసు నుంచి ఇంకొకటి తెప్పించుకుంది. ఆ పై ఏడాది పక్క కాలేజీల్లో కూడా పిల్లలు రెండు గీయడం మొదలుపెట్టారని విన్నాను.

ఒక అంకె దిద్దడానికి ఎవరికీ తీరిక దొరకని చోట, అన్ని సరైన జవాబులు కొట్టేయడానికి మాత్రం తీరిక దొరికింది.

ఇన్‌స్ట్రక్టర్లుగా చేరబోయే మీకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఏ పాఠమైనా మొదలుపెట్టే ముందు, ఇది ఏ వెర్షన్ కోసం రాశారు, ఏ సంవత్సరంలో రాశారు అని బోర్డు మీద రాయండి. తెలియకపోతే తెలియదని రాయండి. ఏ బొమ్మ నొక్కాలో చెప్పకండి, ఏం కావాలో చెప్పండి. బొమ్మను వాళ్ళే వెతుక్కుంటారు. సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే సహాయం పేజీలు చదవడం నేర్పండి. అవి రుచిగా ఉండవు, కానీ వాటి వయసూ సాఫ్ట్‌వేర్ వయసూ ఒకటే. తెర మీద వచ్చినదాన్ని బయట ఏదో ఒక వస్తువుతో పోల్చి చూడమనండి, అది స్టార్టరు డబ్బా మీది రేకైనా సరే. పిల్ల చేతులు వెనక్కి లాక్కుంటే, తప్పు నీది కాదని ఆ క్షణంలోనే చెప్పండి. రేపు చెప్తే పనిచేయదు.

దిద్దమని పైవాళ్ళకు రాయండి. జవాబు రాకపోయినా రాయండి. మాకు తెలియదు అని వాళ్ళు అనడానికి వీలు లేకుండా రాయండి.

నేను రిటైరయ్యే ఏడు మాన్యువల్ నిజంగానే మారింది. అన్నేళ్ళలో మొదటిసారి లోపలి పేజీల్లో అక్షరాలు కదిలాయి. నాగరాజు సార్ స్వయంగా తెచ్చి నా చేతిలో పెట్టాడు. “చూడప్పా, దిద్దినారు” అన్నాడు. ఆయన ముఖంలో సంతోషం నిజమైనదే, ఆయన లోపల చూడలేదు.

నేను రెక్టిఫయర్ పేజీ తెరిచాను. అడుగున లావు అక్షరాలతో కొత్త వాక్యం చేర్చారు. విద్యార్థులు ఒక్క గ్రాఫు మాత్రమే గీయవలెను, రెండవది గీసినచో మార్కులు తగ్గించబడును.

దానికి కొంచెం పైన, విలువల పట్టికలో, అరవై అట్లే ఉంది.